నలుపు తెలుపు పాయిరం

2020 మార్చి 28. లాక్‌డౌన్ మొదలై నాలుగో రోజు. దూరదర్శన్ వాళ్లు పాత రామాయణం, మహాభారతం మళ్లీ వేస్తారని ముందు రోజే వార్తల్లో వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు కావస్తుంటే జగిత్యాల నుంచి అక్క ఫోన్ చేసింది. బాగున్నవా, పిల్లలు తిన్నరా అన్న మాటలేవీ లేవు.

"పెట్టినవా?"

"పెట్టిన."

హన్మకొండలో నేను, జగిత్యాలలో తను, ఫోన్లు చెవికి ఆనించుకుని మహాభారతం టైటిల్ పాట మొత్తం విన్నాం. ముప్పై ఏండ్లుగా ఒకరికొకరం చెప్పుకోని సంగతి ఆ పాటతో బయటపడ్డది. కృష్ణుడి వేషం కట్టిన నితీష్ భరద్వాజ్ అంటే ఇద్దరికీ ప్రాణం. అప్పుడు అక్కకు పదమూడు, నాకు పదకొండు. ఒకే మంచం మీద పండేవాళ్లం, ఒకే దువ్వెనతో తల దువ్వుకునేవాళ్లం. ఈ ఒక్క మాట మాత్రం ఎవరి కడుపులో వాళ్లు దాచుకున్నాం.

ఇప్పటి పిల్లలు దీన్ని క్రష్ అంటారు. మా అమ్మాయి ఆ మాటను ఎంత సులువుగా వాడుతుందో వింటుంటే ముచ్చటేస్తుంది. మాకు ఆ పేరు తెలియదు. ప్రేమంటే సినిమాల్లో ఉండేది. అభిమానమంటే హీరోకు కటౌట్ కట్టి దండ వేసేవాళ్లది. భక్తి అంటే మా అవ్వది. మాకున్నది ఈ మూడింటిలో ఏదీ కాదు, కానీ మూడింటి వాసనా దానికి ఉంది. మా దిక్కు పాయిరం అని ఒక మాట వాడతారు. పసిపిల్ల మీద పాయిరం, లేగదూడ మీద పాయిరం, పెండ్లయి అత్తగారింటికి పోయిన బిడ్డ మీద పాయిరం. అందులో ఇచ్చిపుచ్చుకునే లెక్క ఉండదు. నాకు తెలిసిన మాటల్లో దానికి దగ్గరగా వచ్చేది అదే. ఆ పాయిరం తెర మీది మనిషి మీద ఎట్లా పుడుతుందో, ఇంట్లో దేవుడితో, బయట లోకంతో ఎట్లా ముడిపడుతుందో ఆ ఫోన్ వచ్చినప్పటి నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను.

ముందు టీవీ మా దాకా వచ్చిన తీరు చెప్పాలి. 1982 ఆగస్టు 15 నుంచి ఢిల్లీ కార్యక్రమాలు దేశమంతటికీ ఒకేసారి అందడం మొదలైంది. అదే ఏడు ఆసియా క్రీడలతో రంగుల ప్రసారం వచ్చింది. 1984లో కొన్ని నెలల పాటు దాదాపు రోజుకొకటి చొప్పున దేశంలో కొత్త ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ పోయారు. వాటిలో చాలావరకు తక్కువ శక్తివి, పట్నం దాటి పాతిక కిలోమీటర్లు పోయేసరికి బొమ్మ పలచబడేది. అందుకే ఊళ్లలో ఏంటెనా ఎంత ఎత్తుకు పోతే అంత గొప్ప. ఒకరు మిద్దె మీద కడ్డీ పట్టుకుని తిప్పుతుంటే ఇంకొకరు టీవీ ముందు కూర్చుని కేకలు వేయాలి.

"అగో, మల్ల చుక్కలే! జర ఇటు తిప్పు!"

"వస్తున్నదా?"

"వస్తలేదు... ఆ, ఆ, ఆగు! గట్లనే పట్టుకో!"

మా వాడకట్టులో టీవీ ఒక్క ఇంట్లోనే ఉండేది. హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్లు తయారుచేసిన ఈసీ టీవీ, నలుపు తెలుపుది. ఆదివారం పొద్దున ఆ ఇంటి పెద్దమ్మ ముందర్ర ఊడ్చి చాపలు పరిచేది. పిల్లలం ముందు, ఆడవాళ్లు గోడకు ఆనుకుని, మగవాళ్లు దర్వాజ దగ్గర నిలబడి. ముప్పై మందికి తక్కువ ఉండేవాళ్లు కాదు. 1987 జనవరి 25 నుంచి 1988 జూలై 31 దాకా రామాయణం, అదే ఏడు అక్టోబర్ 2 నుంచి 1990 జూన్ 24 దాకా మహాభారతం. అంటే మూడేండ్లకు పైగా మా ఆదివారాలు ఆ అర్రలోనే గడిచాయి.

అంతా హిందీయే కదా, మీకేం అర్థమైందని అడుగుతారు. ఇది మా ప్రాంతానికి మాత్రమే ఉన్న ఒక విచిత్రమైన సంగతి. మా తాత నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్నవాడు. శుక్రవారం వచ్చే సినిమా పాటల కార్యక్రమం చిత్రహార్‌లో పాట వస్తే చరణం చరణానికీ అర్థం చెప్పేవాడు, ఫౌజీ సీరియల్లో షారుఖ్ ఖాన్ మాట్లాడుతుంటే ఆయనకు అర్థంకాని ముక్క ఒక్కటీ ఉండేది కాదు. అదే రామాయణం మొదలైతే తడబడేవాడు. అందులో వాడింది సంస్కృతం నిండిన హిందీ. ఆజ్ఞ, వచనం, వనవాసం, ప్రతిజ్ఞ, ధర్మసంకటం. ఆ మాటలు తాతకు కొరుకుడు పడకపోయినా, చదువురాని మా అవ్వకు పురాణం విన్న చెవులతో ఇట్టే తెలిసిపోయేవి. అట్లా శుక్రవారం తాత అర్థం చెప్పేవాడు, ఆదివారం అవ్వ చెప్పేది. మాకు సగం అర్థమయ్యేది. తక్కిన సగం ముఖం చూసి తెలుసుకోవాలి. మాట పూర్తిగా అందని చోట కండ్లు ముఖాన్ని గట్టిగా పట్టుకుంటాయి. నాకు ఆ ముఖం అంతగా మనసులో నాటుకుపోవడానికి మొదటి కారణం ఆ అందని సగమే అనుకుంటాను.

రెండో కారణం ముఖం కొలత. సినిమా హాల్లో హీరో ముఖం ఇంటి గోడంత. మనం కింద, ఆయన పైన. 20 అంగుళాల టీవీ తెర ఎత్తు 12 అంగుళాలు. అందులో క్లోజప్ పడితే ముఖం ఇంచుమించు మనిషి ముఖమంతే ఉంటుంది. మన ఎత్తులోనే, మన అర్రలోనే, చాప మీద కూర్చున్న పిల్లకు నాలుగడుగుల దూరంలో ఒక మనిషి కూర్చుని మాట్లాడినట్టు. రామాయణంలో ఒక్కో క్లోజప్ ఎంతసేపు ఉండేదో చూసినవాళ్లకు గుర్తుంటుంది. ఒకరు మాట అంటే విన్న వాళ్లందరి ముఖాలూ ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా దగ్గరికి వచ్చేవి. ఇప్పుడది సాగదీత అంటారు. నేను అట్లా అనను. ఒక చిన్న పిల్లకు అంతసేపు, ఎవరూ కసురుకోకుండా, ఒక పెద్ద మనిషి ముఖాన్ని తేరిపార చూసే అవకాశం ఇంకెక్కడ దొరికింది? బయట అట్లా చూస్తే "ఏందే గట్ల గుడ్లప్పగిస్తవ్" అని నెత్తిన మొట్టేవాళ్లు.

మూడోది చూపు. డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు 1956లో ఒక వ్యాసం రాశారు. రేడియోలో, టీవీలో మాట్లాడే మనిషి కెమెరా వైపు సూటిగా చూసి మనతోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడితే, వినేవాడికి ఆయన తనకు తెలిసిన మనిషే అనిపిస్తుందని, వారం వారం కలిసే కొద్దీ అది స్నేహంలా గట్టిపడుతుందని, కానీ ఆ స్నేహం ఒక వైపే నడుస్తుందని వాళ్లు చెప్పారు. దూరం నుంచే దగ్గరితనం అన్నమాట. మనకు దీన్ని చూపించిన మనిషి శాంతిస్వరూప్ గారు. 1983 నవంబర్ 14న తెలుగులో మొదటిసారి టీవీ వార్తలు చదివింది ఆయనే. అప్పట్లో చదివేవాళ్ల ముందు అక్షరాలు నడిపించే టెలిప్రాంప్టర్ లేదు. వార్తలు ముందే మనసుకు పట్టించుకుని, తల ఎత్తి మన వైపు చూసి చెప్పేవారు. ఆ శ్రమ ఎందుకంటే, కాగితంలోకి చూసే మనిషి మనవాడు కాడు, మన కండ్లలోకి చూసే మనిషే మనవాడు. ఆయన నమస్కారం పెడితే మా అవ్వ తిరిగి నమస్కారం పెట్టేది. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయారని తెలిసినప్పుడు, ఎన్నడూ కలవని మనిషి కోసం మా ఇంట్లో ఆ పూట ఎవరమూ టీవీ పెట్టలేదు.

అయితే హార్టన్, వోల్ చెప్పిన దానిలో మాకు అతకని భాగం ఒకటి ఉంది. వాళ్ల మనసులో ఉన్నది తన ఇంట్లో తన టీవీ ముందు కూర్చున్న మనిషి. మేం కూర్చున్నది ముప్పై మంది మధ్య. అక్కడ ముఖం ఎర్రబడ్డా ఎవరైనా చూస్తారు, నవ్వినా చూస్తారు. కృష్ణుడు తెర మీదికి రాగానే నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూసేదాన్ని, ఒక్క క్షణం ఆగి మళ్లీ తెర వైపు తిరిగేదాన్ని. అక్క జడ కొస వేలికి చుట్టుకునేదట, మొన్న చెప్పింది. అంతమంది నడుమ దాచుకోవాల్సి రావడం వల్లే అది మరింత సొంతమైంది. ఉమ్మడి ఇండ్లలో పెరిగిన పిల్లకు తనది అంటూ ఒక పెట్టె ఉండదు, ఒక అర్ర ఉండదు. ఈ ఒక్కటి మాత్రం పూర్తిగా నాది.

ఇక అన్నిటికంటే పెద్ద చిక్కుముడి భక్తి. ఆయన కృష్ణుడు కదా. ఆ అర్రలో టీవీకి బొట్టు పెట్టేవాళ్లు, సీరియల్ మొదలయ్యే ముందు ఊదుబత్తి వెలిగించేవాళ్లు. మరి దేవుడి మీద అట్లాంటి మనసు పడటం తప్పు కాదా? ఆ భయం నన్ను చాలా రోజులు పీడించింది. భద్రకాళి గుడిలో లెంపలు వేసుకున్న సందర్భం కూడా ఉంది.

దానికి జవాబు మా ఇంట్లోనే ఉందని తర్వాత తెలిసింది. మాది పోతన పుట్టిన గడ్డ. పాలకుర్తి దగ్గరి బమ్మెర మాకు చుట్టాలూరికి పోయే దారి. మా మేనత్తకు సంబంధాలు కుదరకపోతే అవ్వ ఆమెతో రోజూ రుక్మిణీ కల్యాణం చదివించింది. పెండ్లి కావాల్సిన పిల్లలు అది చదివితే మంచి జరుగుతుందని మన ఇండ్లలో నమ్మకం. ఇంతకూ ఆ కథలో ఏముంది? రుక్మిణి కృష్ణుణ్ణి చూడలేదు. ఇంటికి వచ్చిపోయేవాళ్లు చెప్పగా ఆయన రూపం, గుణం విని మనసు పారేసుకుంది. అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడితో తన మాట పంపింది. చూడని వాడి మీద, దూరంగా ఉన్నవాడి మీద, దేవుడే అయినవాడి మీద ఒక ఆడపిల్ల పడ్డ మనసును మనవాళ్లు ఐదువందల ఏండ్లుగా మంచాల మీద, అరుగుల మీద కూర్చుని పిల్లలతో చదివిస్తున్నారు. భక్తికీ ఆ ఇష్టానికీ నడుమ నేను ఊహించుకున్న గోడ మా అవ్వ పుస్తకంలో లేనే లేదు. ఇది తెలిసిన రోజు నాకు నిజంగా గుండె మీది బండ దించినట్టయింది.

పెద్దవాళ్లు మాత్రం ఆ రెండింటినీ వేరుచేసుకున్నారా? మా అమ్మ తరానికి కృష్ణుడంటే ఎన్టీ రామారావు. 1957లో మాయాబజార్ వచ్చిన దగ్గర నుంచి తెలుగువాళ్ల కండ్లలో కృష్ణుడి ముఖం ఆయనదే. తిరుపతికి పోయినవాళ్లు అటు నుంచి మద్రాసులో ఆయన ఇంటికి పోయి దర్శనం చేసుకుని వచ్చేవాళ్లు. మహాభారతం టీవీలో మొదలయ్యే నాటికి ఆయన రాష్ట్రానికి ముఖ్యమంత్రి. "రామారావు లెక్క లేడు" అని మా అమ్మ మొదటి వారం పెదవి విరిచింది. మాకేమో అప్పటి కృష్ణుడి వయసు 25. నవ్వితే పక్కింటి అన్న నవ్వినట్టుండేది. తరం మారితే దేవుడి ముఖం కూడా మారుతుందని, ఆ మార్పు పిల్లల కండ్లలోనే ముందు జరుగుతుందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. ఉత్తరాదిలోనూ ఇదే కథ. సీత వేషం వేసిన దీపికా చిఖలియా, రావణుడి వేషం వేసిన అరవింద్ త్రివేది 1991లో గుజరాత్ నుంచి లోక్‌సభకు గెలిచారు. నితీష్ భరద్వాజ్ 1996లో జంషెడ్‌పూర్ నుంచి గెలిచారు. ఓటు హక్కున్న పెద్దలే వేషాన్నీ మనిషినీ వేరుచేయలేనప్పుడు, పదకొండేండ్ల పిల్లను తప్పుపట్టడానికి ఏముంది?

మగపిల్లల సంగతి వేరుగా ఉండేదనుకునేదాన్ని. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన మా బావ ఒక పెండ్లిలో, విస్తరి ముందు కూర్చుని, ఎవరూ అడగకుండానే చెప్పాడు. సీత అశోకవనంలో ఏడుస్తుంటే పోయి మంచినీళ్లు ఇచ్చి రావాలనిపించేదట. అగ్నిప్రవేశం వచ్చిన ఆదివారం అన్నం తినలేదట. ఆయనకు పెండ్లి చేసుకోవాలన్న ఊహ లేదు, నీళ్లు ఇవ్వాలన్న ఊహే ఉంది. పాయిరం అన్న మాట నేను ఊరికే వాడటం లేదు. చంద్రకాంత సీరియల్ వచ్చేసరికి అదే బావకు మీసాలు వచ్చాయి, అందులో రాకుమారి వేషం వేసిన శిఖా స్వరూప్ గురించి మాట్లాడిన మాటల్లో తేడా కూడా వచ్చింది. అది మామూలు వయసు ముచ్చట, దాన్ని విప్పాల్సిన పని లేదు.

ఇంకో ముడి ఉంది, దీన్ని చాలామంది గుర్తించరు. 1989లో ఉడాన్ అనే సీరియల్ వచ్చింది. కవితా చౌదరి తనే రాసి, తనే తీసి, కల్యాణీ సింగ్ అనే పోలీసు అధికారిగా తనే నటించింది. సర్ఫ్ ప్రకటనలో లలితాజీగా అంతకుముందే అందరికీ తెలిసిన ముఖం. ఆమె యూనిఫాం వేసుకుని సెల్యూట్ చేస్తే నా కడుపులో ఏదో తిరిగినట్టయ్యేది. కృష్ణుణ్ణి చూసినప్పుడు అయ్యేదీ అదే. చాలా కాలం రెండూ ఒకటే అనుకున్నాను. కావు. తెలుగులో ఈ తేడా ఒక్క అక్షరంలో ఉంది: ఒకటి "ఆమె కావాలి", ఇంకొకటి "ఆమెలా కావాలి". టీవీని, పిల్లల్ని చదివే పండితులు కూడా ఈ రెండింటినీ వేరువేరు పేర్లతోనే పిలుస్తారు. చిన్న వయసులో ఆ "లా" ఇంకా విడిపోదు. కల్యాణి వెనక ఒక నిజమైన మనిషి ఉంది. కవితా చౌదరి అక్క కాంచన్ చౌదరి భట్టాచార్య ఐపీఎస్ అధికారి, 2004లో ఉత్తరాఖండ్‌లో దేశంలోనే మొదటి మహిళా డీజీపీ అయ్యారు. ఆమె జీవితం నుంచే ఆ సీరియల్ పుట్టింది. అప్పుడు మాకు ఇవేవీ తెలియవు. తెలిసిందల్లా, మా స్నేహితురాలు ఒకతి తండ్రి లుంగీ బెల్టు నడుముకు బిగించి అద్దం ముందు సెల్యూట్ కొట్టేదని. ఆమె ఇప్పుడు పోలీసు కాదు, నర్సు. కానీ రాత్రి డ్యూటీకి ఒంటరిగా బస్సెక్కిన మొదటి రోజు కల్యాణి గుర్తుకు వచ్చిందని చెప్పింది.

మన దేశపు కళలు, సంస్కృతి చూపించే సురభి కార్యక్రమాన్ని నడిపించిన రేణుకా శహానే నవ్వు గురించి చెప్పకపోతే అన్యాయం. 1990లో మొదలైన ఆ కార్యక్రమంలో చివర ఒక ప్రశ్న అడిగేవాళ్లు, జవాబు కార్డు మీద రాసి పంపాలి. ఉత్తరాలు లక్షల్లో వచ్చిపడుతుంటే తపాలా శాఖ పోటీల కోసమే 2 రూపాయల కార్డు వేరుగా తెచ్చింది. మా తమ్ముడు జవాబు తెలియకపోయినా కార్డు రాసేవాడు. వాడికి కావాల్సింది బహుమతి కాదు. తన పేరు, హన్మకొండ అన్న మాట ఆమె చేతిలో పడాలి. అగ్నిద్యోతనుడి పని వాడి తరఫున పోస్టుమ్యాన్ చేసి పెట్టేవాడు.

కార్డు రాసి పంపని మాలాంటివాళ్లకు మిగిలింది ఎదురుచూపు. మహాభారతం 94 భాగాలు. ఒక్కోటి ముప్పావు గంట అనుకుంటే మొత్తం 70 గంటల పైమాటే. దాన్ని దాదాపు 21 నెలలకు పరిచారు. మళ్లీ చూసుకోవడానికి వీడియో లేదు, బొమ్మ దొరకాలంటే ఆదివారం పేపర్లో ఎప్పుడో ఒకసారి. అట్లా దొరికిన ఒక్క బొమ్మను లెక్కల నోట్‌బుక్ అట్టకూ దాని మీద వేసిన ఖాకీ కాగితానికీ నడుమ పెట్టాను, ఎవరూ విప్పని చోటు. ఒక ముప్పావు గంట చూసి, ఆరు రోజులు మనసులోనే మళ్లీ మళ్లీ నడిపించుకోవాలి. నడిపించిన కొద్దీ కొంచెం మారుతుంది. తెర మీద ఆయన అర్జునుడితో అన్న మాట బుధవారానికి నాతో అన్నట్టు అయ్యేది. కాబట్టి ఆ మనిషిలో సగం ముంబైలో తయారయ్యాడు, సగం హన్మకొండలో నేను తయారుచేసుకున్నాను. మనుషులు పదేండ్ల నుంచి ముప్పై ఏండ్ల లోపు జరిగినవాటినే జీవితమంతా ఎక్కువగా గుర్తుపెట్టుకుంటారని జ్ఞాపకశక్తి మీద పనిచేసేవాళ్లు చెబుతారు. నాకు దానితో పేచీ లేదు. కానీ అంత శ్రద్ధగా సొంత చేతులతో కట్టుకున్నది గుర్తుండక ఎక్కడికి పోతుంది?

1995లో తెలుగు ఛానళ్లు వచ్చాయి, కేబుల్ వైరు ఇంటింటికీ వచ్చింది. ముఖాలు పెరిగాయి, వారానికొకసారి పోయి రోజూ అయింది. యాంకర్లు తెలుగులో, మన ఇంటి మాట మాట్లాడారు. పాట కోసం ఫోన్ చేస్తే జవాబిచ్చేవాళ్లు కూడా. ఎస్టీడీ బూత్‌లో గంటసేపు నంబర్ తిప్పి, లైను కలిసినాక "మేడం, నేను వరంగల్ నుంచి" అని, ఆ తర్వాత మాట రాక నిలబడ్డ పిల్లలను చూశాను. అది మా తర్వాతి వాళ్ల కథ, వాళ్లే చెప్పాలి.

మహాభారతం మళ్లీ మొదలైన రోజున మా కృష్ణుడు రాలేదు. కథ ఆయన దాకా రావడానికి రోజులు పట్టింది. శంతనుడు, భీష్ముడు, పుట్టుకలు, శాపాలు. ఏ రోజుకారోజు అక్కా నేనూ ఫోన్ పెట్టేముందు "రేపు వస్తడేమో" అనుకున్నాం, అచ్చం అప్పట్లో మేం మనసులో ఎవరికి వాళ్లం అనుకున్నట్టే. ఆయన వచ్చిన రోజు నేను వంటింట్లో పప్పు తాలింపు మీద ఉన్నాను. ఫోన్ మోగింది. పొయ్యి కట్టేసి ఉరికాను.

పింఛం నీలంగా ఉంది. అంతకాలం నాకు తెలిసిన పింఛం బూడిద రంగుది. ఆ ఈసీ టీవీలో ఆకాశం, గడ్డి, నెమలీక అన్నీ ఒకే రంగు. నా ఊహలో నేను దానికి వేసుకున్న రంగు ఆకుపచ్చ. తెర దగ్గరికి పోయి నిలబడ్డాను.

"అక్కా, రంగు చూసినవా?"

అటు నుంచి కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత మెల్లగా అన్నది.

"పిలగాడు గింత చిన్నగున్నడేందే! మన పెద్దోని ఈడే ఉంటడు."

ఆమె పెద్దకొడుకుకు ఇరవై నాలుగు. నేను ఏదో అనబోయాను.

"ఆగు, మాట్లాడకు. నవ్వుతున్నడు."